చిక్కటి పొగ

నాటకశాలలో అతన్ని అందరూ పొగాయన అనేవారు. జన్మలో సిగరెట్టు ముట్టిన పాపాన పోలేదు గానీ, వేదిక మీద మంచు పట్టాలన్నా, మబ్బులు దిగాలన్నా అతను మీట నొక్కాల్సిందే. తెర పక్కన పెట్టెలాంటి పొగయంత్రం, దాని పక్కన ముక్కాలిపీట, పీట మీద అతను. నీళ్ళు కలిపిన గ్లిజరిన్ యంత్రంలోని వేడి రేకుకు తగిలి తెల్లటి పొగై వచ్చేది. ఆ పొగలోంచి పాడుకుంటూ నడిచొచ్చేది అతని భార్యే. రాణి వేషాలకు పెట్టింది పేరు కాబట్టి ఆమె అందరికీ రాణిగారు. ఇంట్లో అతనికీ అంతే.

“రాణిగారూ, చెత్తబుట్ట బయట పెట్టారా?”

“రాణులు చెత్త మొయ్యరు. ఆ పొగాయన్ని పంపించు,” అని రాగం తీసేది.

ఆ రాగం పక్కింటి వాళ్ళకీ వినిపించేది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది.

కొత్త నాటకం చివర్లో రాణి చచ్చిపోతుంది. నేల మీద పడి ఉన్న ఆమెను పొగ కప్పేస్తుంది, తెర పడుతుంది. దర్శకుడికి ఆ పొగ ఎంతకీ ఆనలేదు.

“ఇది పొగా, టీ మీద ఆవిరా? చిక్కగా రావాలయ్యా!”

“చిక్కగా రావాలంటే నీళ్ళు తగ్గించాలి సార్. నీళ్ళు తగ్గిస్తే వేడి పెంచాలి. యంత్రం చూస్తే పాతది.”

“నిమిషం పొగకి ఇంత పురాణమా?”

పొగాయనకు ఎవరినీ కాదనడం చేతకాదు. నీళ్ళు తగ్గించాడు, వేడి పెంచాడు. రిహార్సల్లో పొగ దూదిలా వచ్చింది. “మబ్బు మీద పడుకున్నట్టుంది,” అని భార్య కూడా మురిసిపోయింది.

మొదటి ప్రదర్శన రోజు, వేడిని అదుపులో ఉంచే మర యంత్రంలో పట్టేసింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. రాణి కుప్పకూలింది. అతను మీట నొక్కాడు. వచ్చిన పొగ తెల్లగా లేదు, నీలంగా ఉంది. మాడిన నూనె మూకుడు ముఖం మీద బోర్లించినట్టు ముక్కు భగ్గుమంది, కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. అతను ప్లగ్గు పీకేశాడు. అయినా లోపల మిగిలింది రేకు మీద కాలుతూనే ఉంది. ఆమె కదలలేదు. లెమ్మని చేతులు ఊపాడు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. తెర దించమని అరిచాడు. తెర దిగీ దిగకముందే దూసుకెళ్ళి ఆమెను ఎత్తుకున్నాడు. అవతల చప్పట్లు మోగిపోతున్నాయి. ఆ హోరులో ఆమె దగ్గు అతనికి తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అతన్ని పక్కకు పిలిచి కూర్చోబెట్టింది.

“గ్లిజరిన్ సాధువేనండీ, దగ్గుమందుల్లో కూడా వేస్తాం. హద్దు దాటి కాలిస్తేనే ప్రమాదం. మామూలుగా ఆవిరైపోకుండా విరిగిపోతుంది. దాని ఒంట్లోని నీరు ఊడిపోయి, అక్రోలిన్ అనే విషవాయువు పుడుతుంది. తగిలిన చోటల్లా పుండు చేస్తుంది.”

“పాడగలదా అమ్మా?”

“ముందు ఊపిరి నిలబెట్టుకుందాం.”

ఊపిరి నిలబడింది. గొంతు రాలేదు. కాగితం నలిపినట్టుండే గుసగుస మిగిలింది, అంతే.

ఇంటికొచ్చాక ఒక పొద్దున అతను ఉండబట్టలేక అడిగేశాడు. “వాసన తెలిసే ఉంటుందిగా. ఎందుకు లేవలేదు?”

“చచ్చిన రాణి లేస్తే జనం నవ్వరూ?” అంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, “అయినా యంత్రం దగ్గర ఉన్నది నువ్వు కదా అని ధైర్యం,” అంది.

ఓదార్పుగానే అంది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం చూసి, ఆ మాట ఎందుకన్నానా అని నాలిక కరుచుకుంది. దర్శకుడు వచ్చి గుమ్మంలో నిలబడి తప్పంతా తనదేనని ఏడ్చినప్పుడు కూడా పొగాయన తల ఎత్తలేదు. నాటకశాల కొత్త యంత్రం కొంది. రమ్మని ఎందరు పిలిచినా అతను వెళ్ళలేదు. ఒక వడ్రంగి షెడ్డులో పనికి కుదిరాడు.

ఆమె మాత్రం వెళ్ళింది. రాణి వేషానికొచ్చిన కొత్తమ్మాయికి పాఠం చెబుతోంది. ఒక మధ్యాహ్నం తీసుకెళ్దామని వచ్చి, అతను తలుపు దగ్గరే ఆగిపోయాడు. అమ్మాయి పాడుతోంది. ఒక చోట స్వరం జారింది. భార్య చప్పట్లు కొట్టి ఆపింది. ఎలా అనాలో చూపిద్దామని అలవాటుగా గుండెల నిండా గాలి తీసుకుని నోరు తెరిచింది. ఒట్టి గాలి వచ్చింది. అమ్మాయి తల దించుకుంది. ఆమె అమ్మాయి చేతిని తన పొట్ట మీద ఆనించుకుని, ఊపిరి ఎక్కడ బిగపట్టాలో చూపించింది. ఈసారి అమ్మాయి సరిగ్గా పాడింది.

అతను లోపలికి వెళ్ళలేక మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

“బాగా పాడింది కదూ?”

“బాగా పాడింది,” అన్నాడు.

“నాకంటేనా?”

అతను ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె అతని భుజం మీద తల వాల్చింది. ఏడుస్తోందని అతనికి వెంటనే తెలియలేదు, ఏడుపుకీ చప్పుడు లేదు. భుజం తడిశాకే తెలిసింది.