చుట్టల మేస్త్రి వైద్యం

ఆయనను అందరూ చుట్టల మేస్త్రి అనేవారు. నిజానికి జన్మలో ఒక్క చుట్ట కాల్చలేదు, సిగరెట్టు ముట్టలేదు. విద్యుత్ కేంద్రంలో ఆవిరి గొట్టాల వేడి బయటికి పోకుండా వాటి మీద ఆస్బెస్టాస్ తాడు చుట్టడం ఆయన పని. ఆ తాడు చుట్టలు చుట్టలుగా వచ్చేది. ఒక్కో చుట్టను భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ముప్పై ఒక్క ఏళ్ళు చుట్టాడు, పాతబడ్డవి ఒలిచాడు, మళ్ళీ చుట్టాడు. ఒలిచినప్పుడు లేచే తెల్లటి దుమ్ము కనురెప్పల మీద వాలేది. ఆ దుమ్ము నుంచి కాపాడుకోవడానికి కంపెనీవారు ఏడాదికొక జేబురుమాలు దయచేసేవారు. దాని మూలన కంపెనీ గుర్తు మాత్రం చాలా అందంగా కుట్టి ఉండేది.

ఉద్యోగం నుంచి దిగిపోయిన తొమ్మిదేళ్ళకు, మూడో అంతస్తులోని తన ఇంటికి మెట్లెక్కుతూ రెండో అంతస్తులోనే కూలబడ్డాడు. ఊపిరితిత్తుల డాక్టరు తక్కువ మాట్లాడే పెద్దావిడ. వీపులోంచి సూది పెట్టి సీసా నిండా నీరు తీసింది. తరవాత చిన్న కెమెరా పంపి, ముక్క తీసి పరీక్షకిచ్చింది. పది రోజులకు మేస్త్రినీ భార్యనూ కూతురినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మీసోథీలియోమా అంటారండీ. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పల్చటి పొరకి వచ్చే క్యాన్సర్. ఆస్బెస్టాస్ దుమ్ము లోపలికెళ్తే ముప్పై, నలభై ఏళ్ళకి బయటపడుతుంది."

"అంటే నేను దాన్ని వదిలేసి వచ్చినా అది నన్ను వదల్లేదన్నమాట," అన్నాడు మేస్త్రి.

"ఆ పేరేంటండీ, పలికేలోపే నాకు ఆయాసం వచ్చేలా ఉంది," అంది భార్య. అంతలోనే తల తిప్పుకుంది.

ఆస్పత్రి రికార్డు కోసం, పనిచేసిన చోటు నుంచి కాగితం కావాలన్నారు. ఆ పని కూతురు మీద పడింది. ఆమె ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. కాగితం మీద తప్పు కనపడితే ఊరుకునే మనిషి కాదు. రెండు వారాలకు కంపెనీ డాక్టరు నుంచి జవాబు వచ్చింది: "సదరు వ్యక్తి పనిచేసిన కాలమందు మా కేంద్రములో ఆస్బెస్టాస్ వాడినట్లు ఆధారములు లేవు. తోటి కార్మికులను విచారించగా ఇతడు 'చుట్టల మేస్త్రి'గా ప్రసిద్ధుడని తెలిసినది. కావున వ్యాధికి పొగాకు అలవాటే కారణమని భావించడమైనది."

మేస్త్రి ఆ ఉత్తరం చదివి పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి పావుగంట పట్టింది.

ఊపిరితిత్తుల డాక్టరు కూడా ఆ ఉత్తరం చూసి మొదటిసారి నవ్వింది. "ఈ జబ్బుకీ పొగాకుకీ ఏ చుట్టరికమూ లేదు," అంది.

కూతురు పాత పెట్టె వెతికి ఒక ఫొటో తీసింది. కొత్త బాయిలరు ప్రారంభోత్సవం నాటిది. ముందు వరసలో రిబ్బను పట్టుకుని కంపెనీ డాక్టరు. ఆయన వెనకే తెల్లటి తాడు చుట్ట భుజాన వేసుకుని నాన్న. ఆ ఫొటో మీద రెండు ఎర్ర సున్నాలు చుట్టి, ఉత్తరంతో కలిపి వెనక్కి పంపింది. మూడు వారాలకు సరిచేసిన కాగితం వచ్చింది. మొదటి ఉత్తరంలో "అచ్చుతప్పు" దొర్లినదట. ఇరవై ఏళ్ళుగా అచ్చుతప్పులు దిద్దుతున్న ఆమెకు ఇంత పొడవాటిది ఎన్నడూ తగల్లేదు.

తరవాత ఆస్పత్రిలో వైద్యుల సమావేశానికి పిలిచారు. పొడవాటి బల్ల, మధ్యలో బిస్కెట్ల పళ్ళెం, ఒక్కొక్కరి ముందు నున్నటి పుస్తకం. దాని పేరు 'మీ చికిత్స, మీ ఎంపిక'. అట్ట మీద ఒక జంట సముద్రపు ఒడ్డున పరిగెడుతోంది.

"పరిగెత్తేవాళ్ళకి ఇక్కడేం పనండీ?" అన్నాడు మేస్త్రి. ఎవరూ నవ్వలేదు.

సర్జన్ మొదలుపెట్టాడు. రోగి ఎదురుగానే ఉన్నా కూతురి వైపే చూస్తూ మాట్లాడాడు. "ఛాతీ తెరిచి పొర మొత్తం ఒలిచేస్తాం. ఆరేడు గంటల పని. చాలా అందమైన ఆపరేషన్."

"ఆపరేషన్‌కి ముందూ వెనకా కీమో తప్పనిసరి," అన్నాడు పక్కనున్న కీమో డాక్టరు, ఎక్కడ తన వాటా తగ్గిపోతుందో అన్నట్టు.

"నొప్పి ఉన్నచోట రేడియేషన్ ఇవ్వొచ్చు," అని ఇంకొకాయన గడియారం చూసుకున్నాడు.

చివరికి ఊపిరితిత్తుల డాక్టరు అంది. "ఇమ్యూనోథెరపీ కూడా ఉంది. ఒంట్లో కాపలా కాసే కణాల్ని నిద్రలేపే మందు. అందరికీ పనిచేయదు. పనిచేస్తే కొంత కాలం జబ్బుని అదుపులో ఉంచుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం ఇక్కడెవరూ చెప్పలేరు. నీరు చేరినప్పుడల్లా ఆస్పత్రికి రాకుండా, ఇంట్లోనే తీసుకునేలా చిన్న గొట్టం పెట్టొచ్చు."

మేస్త్రి బడిలో పిల్లాడిలా చెయ్యెత్తాడు. "సర్, ఒలుస్తానన్నారు కదా. మొత్తం వచ్చేస్తుందా?"

"కంటికి కనపడేదంతా వచ్చేస్తుంది," అన్నాడు సర్జన్.

"కనపడనిది?"

"దానికే కదా కీమో."

"నేను ముప్పై ఏళ్ళు ఒలిచాను సర్. ఒలిచాక ఇంజనీరుగారు కింద నుంచి చూసి, శుభ్రంగా ఉందయ్యా అనేవారు. చేత్తో రాస్తే పొడి అంటుకునేది. ఎంత గీకినా, మొత్తం వచ్చిందని నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. మీరు పెడతారా?"

"గొట్టాలు వేరు, మనుషులు వేరు."

"అవును సర్. గొట్టానికి నొప్పుండదు."

"ఒలిపించుకున్నవాళ్ళు ఎక్కువ కాలం ఉంటున్నారా?" అని కూతురు అడిగింది.

"మా అనుభవంలో ఫలితాలు చాలా తృప్తిగా ఉన్నాయి."

"ఎవరికి?" అంది భార్య.

ఒకాయన బిస్కెట్టు తీసుకున్నాడు. ఊపిరితిత్తుల డాక్టరే మళ్ళీ నోరు విప్పింది. "ఆపరేషన్ వల్ల కచ్చితంగా ఎక్కువ కాలం ఉంటారని చెప్పలేమమ్మా. కోలుకోవడం మాత్రం కష్టం. ఆలోచించుకుని వారంలో చెప్పండి."

ఆ వారమంతా ఇల్లు రెండో వైద్యుల సమావేశమైపోయింది. ఇక్కడ డాక్టర్లు లేరు కాబట్టి ఎవరికీ సందేహాలు కూడా లేవు. డాక్టర్లు ఏళ్ళ తరబడి చదివినదంతా బావమరిది రెండు భోజనాల మధ్య ఫోనులో చదివేశాడు. ఏదో వేరు కషాయం తాగితే గడ్డ కరిగిపోతుందని తేల్చాడు. "ఎవరికి కరిగింది?" అని కూతురు అడిగితే, "పన్నెండు లక్షల మంది చూశారమ్మా ఆ వీడియో," అన్నాడు. మేస్త్రి అక్క అయితే వచ్చిన దగ్గర్నుంచీ కళ్ళొత్తుకుంటూనే ఉంది. "పాపం, ఎంత మంచివాడు! ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు."

"అక్కా, నేనింకా ఇక్కడే ఉన్నాను," అన్నాడు మేస్త్రి. "నీ మాటల్లోనే పోయాను."

భార్యకు ఓపిక నశించింది. మేస్త్రిని వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. "అందరూ ఏం చేయాలో చెప్తున్నారు. మీకేం కావాలో చెప్పండి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "భయమేస్తోందే," అన్నాడు. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆమె పక్కన కింద కూర్చుంది. ఆయనే మళ్ళీ అన్నాడు. "వీధి చివరి దాకా నడవాలి. మధ్యలో ఆగకుండా నీతో మాట్లాడుతూ నడవాలి. అంతే."

"నాతో మాట్లాడాలని ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా!" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అలా గొట్టం, ఇమ్యూనోథెరపీ ఖాయమయ్యాయి. సర్జన్ ఫోనులో నిట్టూర్చి, "మీ ఇష్టం" అన్నాడు. ఆ నున్నటి పుస్తకం పేరుకూ దీనికీ పెద్ద తేడా లేదు గానీ, ఆయన నోట అది శాపనార్థంలా వినిపించింది.

నర్సు రెండుసార్లు చూపిస్తే చాలు, గొట్టం లోంచి నీరు తీయడం భార్య నేర్చేసుకుంది. ఆ సమయంలో చేతులు కడుక్కోకుండా ఎవరు గదిలో అడుగుపెట్టినా కసురుకునేది. బావమరిది కషాయం సీసాను గుమ్మం కూడా దాటనివ్వలేదు. మూడో విడత మందుకు మేస్త్రి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, విరేచనాలు పట్టుకున్నాయి. నిద్రలేపిన కాపలా కణాలు ఇంటివాళ్ళనే కొట్టడం మొదలుపెట్టాయని డాక్టరు చెప్పింది. మందు ఆపి, స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆ నెలరోజులూ కూతురు సెలవు పెట్టి తండ్రి మంచం పక్కనే ప్రూఫులు దిద్దింది. నెమ్మదించాక మందు మళ్ళీ మొదలైంది. ఆరో నెల స్కానులో గడ్డ మూడో వంతు తగ్గింది. నీరు చేరడం ఆగిపోయింది, గొట్టం తీసేశారు. ఒక సాయంత్రం దంపతులిద్దరూ వీధి చివరి దాకా నడిచి వచ్చారు. దారి పొడవునా ఆవిడే మాట్లాడింది, ఆయన ఊ కొట్టాడు.

ఏడాది తిరిగేసరికి ఆస్పత్రి ప్రచార విభాగం నుంచి ఒకమ్మాయి పువ్వులతో వచ్చింది. "మీది గొప్ప విజయగాథ అంకుల్! మా శస్త్రచికిత్స విభాగం వార్షికోత్సవానికి పోస్టర్ వేస్తున్నాం. మధ్యలో మీరు, మీ భుజం మీద చెయ్యేసి సర్జన్ గారు."

"ఆయన నన్ను కోయలేదు కదమ్మా?"

"అవుననుకోండి. కానీ ఫొటోలో ఆయన చాలా బాగా వస్తారు."

"సరే, వేసుకో. కింద మాత్రం 'ఆపరేషన్ వద్దని చెప్పినవాడు' అని రాయి."

పైవాళ్ళని అడిగి చెప్తానంది. మళ్ళీ కనిపించలేదు.

ఇరవయ్యో నెలలో గడ్డ తిరిగి పెరగడం మొదలైంది. ఊపిరితిత్తుల డాక్టరు స్కాను చూపించి ఏదీ దాచకుండా చెప్పింది. "ఇక ఈ మందు పని అయిపోయింది. ఇప్పుడు కీమో ఇచ్చి చూడొచ్చు. కొన్ని నెలలు కలిసి రావొచ్చు, రాకపోవచ్చు. ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేద్దాం."

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. "కానివ్వండి డాక్టరమ్మా," అన్నాడు.

కీమో గదికి వెళ్ళే నడవాలో గోడ పొడవునా పోస్టర్ అంటించి ఉంది. సర్జన్ చిరునవ్వుతో ఎవరో అపరిచితుడి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆ మనిషికి నిండు బుగ్గలు, నల్లటి జుట్టు. కింద పెద్ద అక్షరాలతో 'నేను గెలిచాను!' అని ఉంది.

మేస్త్రి ఆగి, తీరిగ్గా పైనుంచి కింది దాకా చూశాడు. "బాగున్నాడు. ఈయనకేం జబ్బటమ్మా?" అని పక్కనున్న నర్సును అడిగాడు.

నర్సు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఏ జబ్బూ లేదండీ. మోడలట."

"మరే, గెలవక ఏం చేస్తాడు!" అన్నాడు మేస్త్రి. గదిలోకి వెళ్ళి, కిటికీ పక్క కుర్చీ చూసుకుని కూర్చుని, చొక్కా చెయ్యి మడిచాడు.