సిమ్ లేని ట్యాబ్

"అసలీ ట్యాబ్‌ని ఎక్కడ పెట్టుకుంటారోయ్ మనుషులు?" అన్నాడు భర్త, ఆమె ఆయన కంచంలో రెండోసారి కూర వేస్తుంటే. "ఫోనంటే జేబులో పెట్టుకుంటాం. ల్యాప్‌టాపంటే ఒళ్ళో పెట్టుకుంటాం. ఇది జేబులో పట్టదు, ఒళ్ళో నిలవదు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనేసుకుని తిరగాలి."

మరిది పొలమారేలా నవ్వాడు. ఆదివారం భోజనానికి ఒక్కడే వచ్చాడు. వాళ్ళావిడ ట్యాబ్ కొనమంటోందట, కొనాలా వద్దా అని అన్నగారిని అడిగాడు. సలహా అడిగేవాడు దొరికితే ఆ అన్నగారికి ఇక కంచంలో ఏముందో కూడా కనపడదు.

"ఇంతకీ దేనికట మీ ఆవిడకి?"

"ఏమో అన్నయ్యా. కావాలంటోంది. దేనికంటే చెప్పదు."

"మా ఇంట్లో ఏడుస్తోందిగా ఒకటి! ల్యాప్‌టాపు కొన్నప్పుడు ఊరికే అంటగట్టారు. అదే పట్టుకుపో. ఎవరికీ పనికిరాకుండా పడుంది."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

పడుందన్న మాట నిజమే. వసారాలో, బట్టలు ఉతికే మిషను వెనకాల, పాత తువ్వాలు మడతలో పడుంది. అక్కడ పెట్టింది ఆమే.

ఆ ఇంట్లో ఫోనుకి కొదవ లేదు. ఆమెకీ ఒకటుంది. ఉందన్న మాటే గాని అది ఆమెది కాదు. పొద్దుటిపూట ఆమె పనిచేసే కంటి ఆసుపత్రిలో, డాక్టరుగారు మందుల చీటీ కింద ముద్ర కొట్టించింది ఆమె నంబరే. చుక్కలు తిన్నాక వేసుకోవాలా తినకముందా అనేవాళ్ళు, కట్టు విప్పొచ్చా అనేవాళ్ళు, డాక్టరుగారున్నారా అని అడిగి జవాబు వినకుండా పెట్టేసేవాళ్ళు. ఒకసారి స్నానం చేస్తూ ఎత్తలేకపోతే, మర్నాడు నిండుగా ఉన్న రోగుల ముందు, "ఏం అమ్మాయ్, ఫోనెత్తలేని దానివి కౌంటరులో కూర్చోవడం దేనికి?" అన్నాడాయన. నలభై రెండేళ్ళ అమ్మాయి తల దించుకుని తర్వాతి చీటీ అందుకుంది. ఇంటికొస్తే అత్తగారు. మూడు నెలల కిందట కాలుజారి తుంటి విరిగినప్పటినుంచీ ఆవిడకి మంచమే లోకం. కోడలు కావాలంటే కేక వెయ్యదు, ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోను కొడుతుంది. ఆయన భార్యకి కొడతాడు. "అమ్మ పిలుస్తోంది, వినపడట్లేదా?" పక్కగదిలో పుట్టిన మాట ఊరు చివరి ఆఫీసు దాకా వెళ్ళి, కొడుకు గొంతులో నాలుగు విసుర్లు కూడగట్టుకుని, తిరిగొచ్చి వంటింట్లో దిగేది. "దుప్పటి కాళ్ళమీంచి జారిందట. కప్పు." ఇక ల్యాప్‌టాపంటారా, అది ఆయనది. దాని మీద దుమ్ము తుడవడం వరకే ఆమె వంతు, అదీ మూత వేసి ఉన్నప్పుడు.

ట్యాబ్‌లో సిమ్ము లేదు. దానికి నంబరు లేదు. ప్రపంచంలో ఏ మనిషీ దాన్ని మోగించలేడు. రెండేళ్ళ క్రితం బీరువా సర్దుతుంటే దొరికిన ఆ వస్తువు గొప్పతనం అదేనని ఆమెకి మొదటి వారంలోనే తెలిసింది. మధ్యాహ్నం రెండున్నరకి అత్తగారి కళ్ళు మూతపడగానే బట్టలు మిషనులో వేసి, ఫోనుని వంటింట్లో డబ్బా మీద బోర్లించి, వసారాలో టబ్బు తిరగేసుకుని కూర్చునేది. మిషను గడగడలాడుతుంటే పుస్తకం చదివేది. పెద్ద పుస్తకాలేం కావు, నెట్‌లో ఊరికే దొరికేవి. చదవడం అయ్యాక దాని గురించి నాలుగు ముక్కలు అందులోనే రాసుకునేది. "ఈ కథలో ఆవిడ చివరికి రైలెక్కింది. ఆ రైలు ఎక్కడికో చెప్పలేదు. చెప్పకపోవడమే బావుంది." అలాంటివి. ఒక పుస్తకానికి, "వీడికి ఆడదాని నోట ఏం మాటొస్తుందో తెలీదు, ఏడుపొకటే తెలుసు," అని రాసి, తన మాటకి తనే ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేరని మళ్ళీ చదువుకుని నవ్వుకుంది. రెండేళ్ళలో అవి నూట అరవై మూడయ్యాయి. మిషను ఆగేదాకా ఆమె ఎవరికీ ఏమీ కాదు. ఆగాక బట్టలు ఆరేసేది, మళ్ళీ అందరికీ అన్నీ అయ్యేది.

"పనికొస్తుంది," అంది ఆమె.

భర్త, మరిది, అత్తగారు ముగ్గురూ తలెత్తారు. వడ్డించే మనిషి నోరు తెరిస్తే, ఇంకాస్త వెయ్యనా అని అడగడానికే అయ్యుంటుందనుకోవడం వాళ్ళ అలవాటు.

"దేనికి?" అన్నాడు భర్త. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అదే వచ్చిన చిక్కు. కోపంగా అని ఉంటే ఆమె ఎప్పటిలాగే ఊరుకునేది.

"పుస్తకాలు చదువుకుంటాను."

"ఫోనులో చదవొచ్చుగా వదినా!" అన్నాడు మరిది.

"ఎప్పుడు చదువుతావే?" కొడుకులిద్దరూ మోసుకొచ్చి కూర్చోబెడితే కుర్చీలో దిండ్ల మధ్య ఉన్న అత్తగారు ముద్ద ఆపి అడిగింది. "అందుకేనా మొన్న వాడు నాలుగుసార్లు ఫోను చేసినా ఎత్తలేదు? నేనిక్కడ మంచినీళ్ళకి నాలుక పిడచకట్టుకుపోయి ఛస్తుంటే, మహాతల్లి పుస్తకం చదువుతోందన్నమాట."

ఆమెకి ట్యాబ్ అప్పటికే మరిది చేతిసంచిలోకి వెళ్ళిపోయినట్టు కనిపించింది. నోటికొచ్చిందల్లా అనేసింది. "చదవడానికే కాదు. పిల్ల పాఠాలకి వాడుతున్నా. వంటలు చూస్తున్నా. అత్తయ్యగారి మందుల వేళలు అందులోనే రాసుకుంటున్నా." ఒక్కటీ నిజం కాదు. పదమూడేళ్ళ కూతురు బల్లకి అటువైపు కూర్చుని, నోట్‌బుక్కు చివరి పేజీలో చీమ బొమ్మ గీస్తున్నదల్లా, పెన్సిలు ఆపి తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపుకి ఇంకాస్త తడబడి, సంతలో సరుకు అమ్ముకునేదానిలా ఆమె మరో మాట చేర్చింది. "పెద్ద తెర కదండీ. అత్తయ్యగారికి కూడా మొహాలు బాగా కనపడతాయి."

భర్త నమలడం ఆపాడు.

"ఆగాగు," అన్నాడు. "అమ్మకా? అరే, ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదూ!" మరిది వైపు తిరిగాడు. "నువ్వు వేరేది కొనుక్కోరా. ఇది నాకు కావాలి." పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో భార్య చెప్పిన మాటని ఆయన అంత శ్రద్ధగా పట్టించుకోవడం అదే మొదటిసారి.

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, సోమవారం తనతో పట్టుకెళ్ళిన ట్యాబ్‌తో పాటు మేకులూ, గోడకి బిగించే చట్రమూ తెచ్చాడు. ఆమె పిండి కలుపుతుంటే, ఆమె తలకి సరిగ్గా ఎదురుగా, పొయ్యి పక్క గోడకి రంధ్రాలు వేశాడు. సిమెంటు పొడి పిండిలో రాలింది.

"సిమ్ము కూడా వేశా," అన్నాడు, బిడ్డకి చెవులు కుట్టించినంత సంబరంగా. "అమ్మ ఫోనులో ఒక్కటి నొక్కితే చాలు, ఇక్కడ నీ ఎదురుగా ప్రత్యక్షమవుతుంది. నువ్వు ఎత్తక్కర్లేదు కూడా, దానంతటదే ఎత్తుతుంది. చేతులు పిండిలో ఉన్నా, నీళ్ళలో ఉన్నా నీకు ఇబ్బంది లేదు. నీ కోసమే అలా పెట్టా."

"అందులో..." అంది ఆమె.

"ఆఁ, మెల్లిగా నడుస్తోందని పాతవన్నీ ఊడ్చేశా. ఇప్పుడు గుర్రంలా పరిగెడుతుంది."

"నేను రాసుకున్నవి ఉండాలి."

"చూశాలే. ముఖ్యమైనవేమైనా ఉన్నాయేమోనని నాలుగైదు తెరిచి చూశాకే తీసేశా. ఏమీ లేవు. మందుల వేళలు కూడా కనపడలేదు మరి. అవి ఎక్కడ రాశావు?"

ఆమె పిండిలోంచి సిమెంటు పలుకుల్ని ఏరుతూ నిలబడింది. ఆయన చదివాడు. తిట్టినా బాగుండేది, ఎగతాళి చేసినా బాగుండేది. ఆడదాని నోట వచ్చే మాట గురించి ఆమె రాసింది చదివి, రైలెక్కినావిడ గురించి చదివి, పాలప్యాకెట్టు మీద తారీకు చూసినట్టు చూసి, అవతల పారేశాడు. అరిచి ఏడవాలంటే ముందు ఏం పోయిందో చెప్పాలి. చెబితే, దానికింత ఏడుపు దేనికంటాడు. ఆ 'దేనికి'కి ఆమె దగ్గర ఆదివారమూ జవాబు లేదు, గురువారమూ లేదు. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం తెలుస్తూనే ఉంది. ఆ రోజు కూర వడ్డించి నోరు మూసుకుని ఉంటే, ఆ ట్యాబ్ కనీసం తోడికోడలి చేతికైనా చేరేది. దేనికో చెప్పని ఆ పిల్ల తనకంటే తెలివైంది.

తర్వాత వారమంతా గోడ మీద అత్తగారు వెలుగుతూ ఆరుతూ ఉంది. మొదట్లో మంచినీళ్ళకీ దుప్పటికీ పిలిచేది. మూడోరోజు నుంచి పిలవడానికి కారణం కూడా పోయింది. "ఏం లేదే, ఏం చేస్తున్నావో చూద్దామని," అనేది. "అదేమిటి, మూత పెట్టకుండా ఉడికిస్తున్నావ్?" అనేది. మధ్యాహ్నం కునుకు తియ్యడం మానేసింది, కాలక్షేపం దొరికింది కదా. కోడలు వసారాలోకి వెళ్తే ఖాళీ వంటింటిని చూసి, ఆఫీసుకి ఫోను కొట్టేది. ఆమె బట్టలు మిషనులో వేసి వెనక్కి వచ్చేసేది. మిషను అవతల ఒక్కటే గడగడలాడి ఆగిపోయేది.

శనివారం మధ్యాహ్నం కూతురు నోట్‌బుక్కు గుండెలకి కరుచుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నాన్న అడుగుతున్నారు, రోజూ మేడమీద గంటలు గంటలు కూర్చుని ఏం గీస్తావని. చీమలు అంటే నవ్వారు. దేనికి పనికొస్తాయి అంటున్నారు." పిల్ల మొహం వెలిగింది. "సైన్సు పరీక్షకి పనికొస్తాయని చెప్పేస్తా. సరేనా?"

ఆమె తిరిగి చూసింది. ఏదో అనబోయింది. గోడ మీద వెలుగొచ్చింది. నెరిసిన జుట్టూ, దిండూ, పెద్దపెద్ద కళ్ళూ. గిన్నెలు కడిగే మూల ఆ తెరకి కనపడదు.

"ఎవరే అక్కడ, ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"ఎవరూ లేరత్తయ్యా. గిన్నెలు కడుగుతున్నా."

ఆమె కుళాయిని పూర్తిగా తిప్పింది. నీళ్ళు ఖాళీ గిన్నెల మీద పడి ఇల్లదిరేలా మోగాయి. ఆ మోతలో, తడిచేత్తో పిల్లని దగ్గరికి లాక్కుని, చెవిలో నోరు పెట్టి చెప్పింది.

"ఇంకేమైనా చెప్పు తల్లీ. పనికొస్తాయని మాత్రం చెప్పకు."