గేట్లోంచి వచ్చినవాడు

మామిడికాయలు దించే గెడలకి చిక్కాల తాళ్ళు బిగించాలి. కోత కూలీలు వచ్చేలోపు కుండల్లో నీళ్ళు నింపాలి. పాక వెనకున్న వరిగడ్డి దులిపి, తడి పట్టింది తీసేసి, బుట్టల అడుగున వేయడానికి ఎండుది పరవాలి. రాలిన కాయలు ఏరి ఓ మూల పోయాలి. లారీ వస్తుంది కనుక గేటు దగ్గర గుంతలో రాళ్ళు వేయాలి. పడమటి కంచెలో పందులు తోసిన సందును కంపతో మూయాలి.

ఈ చివరి పని ఒక్కటే సలోమోనుకు తెల్లారినప్పటి నుంచి చేతికి రావడం లేదు. ఆ సందు మూయొద్దని నిన్న సాయంత్రం పోతురాజు చెప్పి వెళ్ళాడు.

సలోమోను బక్కపలచటి మనిషి. మోచేతుల దాకా మామిడి సొన పడి కాలిన నల్లటి మచ్చలు. మెడలో తువ్వాలు, ఆ తువ్వాలు కొసన గేటు తాళంచెవి. బాప్తిస్మం తీసుకోకముందు అతని పేరు పరదేశి. ఆ పేరుతో బాపులపాడు నుంచి ఉంగుటూరు దాకా రాత్రిళ్ళు తిరిగాడు. కన్నం వేసేది పోతురాజు, లోపలికి దూరేది పరదేశి.

ఒకసారి పోతురాజు దొరికాడు. రెండోవాడి పేరు చెప్పమని కొట్టారు. కుడిచేతి వేళ్ళు విరిగాయి. చెప్పలేదు. జట్టులో వాళ్ళకి ఉన్న కట్టుబాటు అదొక్కటే. దొరికినవాడు రెండోవాడి పేరెత్తకూడదు. అతను రాజమండ్రి జైల్లో ఉండగానే పరదేశి సలోమోను అయ్యాడు, లేయాను చేసుకున్నాడు, కూతుర్ని బళ్ళో వేశాడు. ఈ తోటలో కాపలా పని, ఉండటానికి ఈ పాక, రెండూ పాస్టరుగారి మాట మీద దొరికాయి.

పనిలో పెట్టుకున్నప్పుడే షావుకారు రాఘవయ్య ఒక మాట అన్నాడు. "నువ్వు మారావంటే నమ్ముతానయ్యా. నీ పాతవాళ్ళని మాత్రం నమ్మను. వాళ్ళలో ఎవడు నా తోటలో కాలు పెట్టినా నువ్వు మూట సర్దుకోవాల్సిందే."

పొద్దెక్కేసరికి కోత జోరందుకుంది. వెదురు గెడ చివర వలసంచిలోకి కాయ తొడిమతో సహా దిగాలి. తొడిమ ఊడితే సొన కారి కాయ మచ్చ పడుతుంది. "మెల్లగా అమ్మా, మెల్లగా" అంటూ సలోమోను చెట్టు చెట్టుకీ తిరిగాడు.

"కాయల్ని పసిపిల్లల్లా దించమంటాడు, మేం చెట్టు మీంచి పడితే మాత్రం చూడడు" అంది ఒక కూలీ. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ చూపు పడమటి కంచె మీదే ఉంది. నింపి కుట్టేసిన బుట్టలన్నీ ఆ పక్క నీడలోనే పేర్చారు.

మధ్యాహ్నం కూలీలు సద్ది మూటలు విప్పుకోవడానికి బావి దగ్గరికి పోయారు. పోతురాజు చెప్పిన వేళ అదే. సలోమోను కత్తి తీసుకుని వెళ్ళి తుమ్మకంప నరికాడు. ఈడ్చుకొచ్చి సందులో పెట్టి కాలితో తొక్కుతుంటే అవతలి నుంచి దగ్గు వినిపించింది.

"మూసేస్తున్నావేంట్రా పరదేశీ?"

"మూసేస్తున్నానన్నా."

"రోడ్డు మీద ఆటో పెట్టుకొచ్చాను."

"పంపించెయ్."

కంప సందుల్లోంచి పోతురాజు ముఖం కనిపించింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు జ్వరంతో మెరుస్తున్నాయి. "నీ పేరు నేను చెప్పలేదు" అన్నాడు.

"తెలుసు. నాకున్నదేదైనా అడుగు, ఇస్తాను. ఈ బుట్టలు నావి కావన్నా." సలోమోను కత్తి కింద పెట్టాడు. "గేట్లోంచి రా. అన్నం తిందువుగాని."

"గేట్లోంచా!" పోతురాజు నవ్వబోయి దగ్గాడు. "పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడన్నా వచ్చాన్రా గేట్లోంచి?"

అయినా వచ్చాడు. రాగానే టైరు చెప్పులు విప్పి మొలతాడుకు కట్టుకోబోయాడు. ఒకరింటికి పోయినప్పుడు చెప్పులు బయట వదలడం అతనికి ఎన్నడూ అలవాటు లేదు. పారిపోవాల్సి వస్తే వెతుక్కునే వ్యవధి ఉండదు.

"అవక్కడే విడవండి బావగారూ, ఎవరూ తీసుకుపోరు" అంది లేయా, చెంబుతో నీళ్ళిస్తూ.

పోతురాజు ఆమె వంక చూశాడు. చెప్పులు గేటు స్తంభం పక్కన జతగా పెట్టాడు.

మామిడికాయ పప్పు వేసి అన్నం పెట్టింది. వంకరపోయిన వేళ్ళతో ముద్ద నిలవడం లేదు. లేయా లేచి స్పూను తెచ్చిచ్చింది. నాలుగు ముద్దలు తిన్నాడు. "బాగుందమ్మా. కాసేపు నడుం వాలుస్తాను" అని పాక వెనక వరిగడ్డి మీద పడుకున్నాడు.

లారీ వచ్చింది. బుట్టలెక్కిస్తున్నారు. పోతురాజుకి మజ్జిగ ఇద్దామని వెళ్ళిన లేయా గ్లాసుతో అలాగే తిరిగొచ్చి భర్త చెవిలో చెప్పింది. సలోమోను వెళ్ళి చూశాడు. పోతురాజు పక్కకి తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఊపిరి లేదు. జుట్టులో గడ్డిపోచ ఉంటే తీసేశాడు.

కూలీలు మూగారు. లోడు చూసుకోవడానికి వచ్చిన రాఘవయ్య కూడా వచ్చాడు.

"ఎవరయ్యా ఇతను?"

"ఎవరో అడుక్కునేవాడిలా ఉన్నాడండీ" అన్నాడు లారీ డ్రైవరు.

"పాపం. దిక్కులేనివాడైతే పంచాయతీవాళ్ళకి కబురు పెడదాం. తీసుకుపోతారు."

సలోమోను మాట్లాడకపోతే అంతటితో సరిపోయేది. లేయా అతని వంక చూసింది. పాక వంకా చూసింది.

"దిక్కులేనివాడు కాదండీ" అన్నాడు సలోమోను. "మా అన్న. పేరు పోతురాజు. పాత జట్టువాడే. నేనే రమ్మన్నాను."

రాఘవయ్య నశ్యం డబ్బీ తీశాడు, పీల్చకుండానే మూసేశాడు. "అప్పుడన్న మాట నేను మార్చుకోలేనయ్యా. కోత అయ్యేదాకా ఉండు" అన్నాడు. పోతూ పోతూ లారీ మీది కొత్త టార్పాలిన్ పట్టా ఒకటి దింపించి, శవం మీద కప్పమన్నాడు.

పొద్దుగుంకక ముందే పాతిపెట్టారు. ఏటి గట్టున సలోమోను, లేయా, లారీ డ్రైవరు, ఇద్దరు కూలీలు. మట్టి పోసేటప్పుడు సలోమోను పోతురాజుని పేరు పెట్టి పిలిచాడు, అందరికీ వినబడేలా.

కోత అయిపోయాక వాళ్ళు మూట సర్దుకుని జి. కొండూరు వైపు వెళ్ళారు. కూతురు అడిగితే, "అక్కడా బడి ఉంది" అని మాత్రం చెప్పాడు. కొత్త కాపలావాడు ఎవరివో ఏమోనని ఆ చెప్పులు ముట్టుకోలేదు. మీరు ఆ దారిన పోయేటప్పుడు, తోట గేటు పక్కన, మడమల దగ్గర అరిగిన టైరు చెప్పుల జత కనబడితే, అవి పోతురాజువని గుర్తుపెట్టుకోండి.