మేకుకు తగిలించిన చొక్కా

వాకాడు దాటి సముద్రం వైపు పోతే చివరగా తగిలే పల్లెలో, మగవాళ్ళు వేటకు పోయే ముందు చొక్కా విప్పి గోడ మేకుకు తగిలించి పోతారు. బోటు అలలు దాటగానే ఇక్కడ చొక్కా నిండుతుంది. భుజాలు వస్తాయి, ఛాతీ వస్తుంది, చేతులు గుండ్రపడతాయి. మనిషి మళ్ళీ ఒడ్డు తొక్కేదాకా ఊపిరి తీసి వదులుతూ అట్లాగే ఉంటుంది. తొక్కగానే చప్పబడిపోయి మామూలు చొక్కా అవుతుంది, అప్పుడు ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెడతారు. అంతవరకూ దాన్ని ఉతకరు, ఇస్త్రీ చెయ్యరు. ఇల్లు చిమ్మేటప్పుడు దానికి తగలకుండా కాస్త తప్పుకుని చిమ్ముకుంటారు.

ధనలక్ష్మి కూడా పెళ్ళయినప్పటి నుంచీ అంతే. ఒక కన్ను చేప పొలుసుల మీద, ఒక కన్ను చొక్కా మీద. ఛాతీ గబగబా ఎగిసిపడుతుంటే మాల్యాద్రి వల లాగుతున్నాడని, నిదానంగా కదులుతుంటే మొగుడు బోటులో కునుకు తీస్తున్నాడని ఆమెకు తెలిసిపోయేది. విసుగొచ్చినప్పుడు ఆ చొక్కాతోనే పోట్లాడేది. ఎదురు చెప్పని మొగుడు ఇంకెక్కడ దొరుకుతాడని పక్కింటి దుర్గ నవ్వేది.

ఆ దుర్గ ఇంట్లోనే నిరుడు చొక్కా చప్పబడింది. మొగుడు ఒడ్డుకొచ్చాడనుకుని ఆమె సంబరంగా ఎసరు పెట్టింది. ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది గానీ మనిషి రాలేదు. ఒడ్డు తొక్కినా, ఊపిరి ఆగినా చొక్కాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆ తర్వాత దుర్గ పిల్లల్ని అమ్మగారింట్లో వదిలి, తడ వైపు పోయే కంపెనీ బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే ఆ బస్సు హారన్ వినపడితే ధనలక్ష్మి ముందు మేకు వైపు చూసేది.

అందుకే బీమా మాట ఎత్తింది. మాల్యాద్రి పడనివ్వలేదు.

"నేను నీళ్ళ మీద ఉంటే ఇంట్లో నువ్వు నా చావు లెక్కలు చూసుకుంటా కూర్చుంటావా? అట్టాంటి ఇంటికి ఎవుడు తిరిగొస్తాడే?" అన్నాడు. ఇంకోసారి అడిగితే తినే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఇక ఆమె అడగలేదు. అడగకుండానే చేసేయాలని నిశ్చయించుకుంది.

బీమా ఏజెంటు శివశంకర్ ఆ ఊరివాడే, ఆమెకు వరసకు తమ్ముడు. మాల్యాద్రి వేటలో ఉన్న రోజు చూసి కబురు పెట్టింది. అతను వచ్చి కాగితాలన్నీ నింపాడు, సంతకం దగ్గరికొచ్చేసరికి కలానికి మూత పెట్టేశాడు.

"మనిషి నా ఎదురుగా సంతకం పెట్టాలక్కా. నేను చూసినానని రాయాల."

ఆయన ఒప్పుకున్నాడనీ, తిరిగొచ్చేసరికి పొద్దుపోతుందనీ ఆమె అబద్ధం ఆడింది. శివశంకర్ తల గోక్కుంటూ అటూ ఇటూ చూశాడు. మేకుకున్న చొక్కా తాపీగా ఊపిరి తీస్తోంది. అతని ముఖం విప్పారింది.

"అన్న ఇంట్లోనే ఉండాడు గదక్కా" అన్నాడు.

పైఊరి ఏజెంటయితే కాగితాలు సర్దుకుని బండెక్కేవాడు. ఆ ఊళ్ళో పుట్టిన పాపానికి శివశంకర్‌కు అది సబబుగానే తోచింది. అక్కడ చొక్కా ఎదుట పెళ్ళిచూపులు జరిగాయి, చొక్కా పక్కన తల్లి కూర్చుని బిడ్డకు పేరు పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

సంతకం ఆమెకు కష్టం కాదు. మాల్యాద్రికి సంతకం నేర్పిందే ఆమె. పెళ్ళయిన కొత్తలో తడి ఇసుక మీద అతని వేలు పట్టుకుని దిద్దించింది. అంత లావు చెయ్యి చంటిబిడ్డ చెయ్యిలా తన చేతిలో ఒదిగిపోవడం ఇప్పటికీ గుర్తుంది. అది గుర్తొస్తుండగానే సంతకం పెట్టేసింది.

చొక్కా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది, మళ్ళీ తీసింది. కానీ దాని కుడిచెయ్యి గాలి తీసేసినట్టు కిందికి వేలాడిపోయింది. ఇద్దరూ చూశారు, ఇద్దరూ చూడనట్టే ఉన్నారు. శివశంకర్ వేడి టీ గటగటా తాగి, నోరు కాల్చుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మాల్యాద్రి వచ్చి చొక్కా తొడుక్కున్నాడు గానీ గుండీలు పెట్టుకోలేకపోయాడు. చెయ్యి తిమ్మిరెక్కినట్టుందన్నాడు. ధనలక్ష్మి అతని ముఖం చూడలేక, పెట్టిన గుండీనే విప్పి మళ్ళీ పెడుతూ నిలబడింది. అన్నం ముద్ద అతని వేళ్ళలోంచి జారిపోతుంటే చలిగాలి తగిలిందేమోనని అతనే సర్దిచెప్పుకున్నాడు. ఆమె కొబ్బరినూనె వెచ్చజేసి రోజూ రుద్దేది. ఎంత రుద్దినా ఆ చేతికి పట్టు రాలేదు. ఎందుకో ఆమెకు తెలుసు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది, సిగ్గుతో మింగేసేది.

పాలసీ పోస్టులో వస్తే అటక మీదికి తోసేసింది. ఓ రోజు రేకుల సందులోంచి వాన కారుతుంటే కింద గిన్నె పెడుతూ, ఆ డబ్బొస్తే స్లాబు వేయించుకోవచ్చు అనుకుంది. అనుకున్నాక గానీ తట్టలేదు, ఆ డబ్బు రావాలంటే ముందు ఏం జరగాలో. ఎదురుగా చొక్కా ఊపిరి తీస్తూనే ఉంది. దాని ముందు నిలబడి లెంపలు వేసుకుంది. దొంగ సంతకం పెట్టిన రోజు కంటే ఆ రోజే ఆమెకు తన మీద అసహ్యం పుట్టింది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రేడియోలో చెప్పినదానికంటే ముందే గాలి లేచింది. పొద్దున పోయిన బోట్లు ఒక్కొక్కటే పడుతూ లేస్తూ వచ్చాయి. తోడు వచ్చే మనిషి రాక ఒంటరిగా పోయిన మాల్యాద్రి మాత్రం రాలేదు. మధ్యాహ్నానికే లైటు వేసుకోవాల్సినంత మబ్బు కమ్మింది. చొక్కా ఛాతీ పగిలిపోతుందేమో అన్నట్టు ఎగిసిపడుతోంది. ఎడమచెయ్యి బిగుసుకుని దేన్నో పట్టుకుని ఉంది. కుడిచెయ్యి గోడకు అంటుకుని పడి ఉంది.

కంపెనీ బస్సు రాక ఇంట్లో ఉండిపోయిన దుర్గ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే వీధిలో ఆడవాళ్ళు వచ్చారు.

"కుడిచెయ్యి ఏదే?" అంది దుర్గ.

ధనలక్ష్మికి ఇక దాచడానికి చోటు లేకపోయింది.

"నేను తీసుకున్నానక్కా. ఆయన సంతకం నేను పెట్టినా. ఆయన పోతే డబ్బులొచ్చే కాగితం మీద."

ఎవరూ తిట్టలేదు. ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడు పోతే డబ్బులొస్తాయన్న మాట దుర్గ ముందు, ఆమె బోసి మెడ ముందు అనాల్సి వచ్చినందుకు ధనలక్ష్మి సిగ్గుతో చితికిపోయింది. దుర్గ మాత్రం చొక్కా మీద నుంచి చూపు తిప్పలేదు.

"తీసుకున్నదానివి నువ్వే తిరిగియ్యి. ఏడ్చేది తర్వాత" అంది.

ధనలక్ష్మి గోడకు ఆనుకుని, ఆ ఖాళీ చేతిలోకి తన కుడిచెయ్యి దూర్చింది. లోపల తడిగా, చల్లగా ఉంది. మరుక్షణం అరచేతిలోకి తాడు వచ్చి పడింది. కంటికి కనపడదు, కానీ అది బోటు తాడే. తాడు జారిపోబోతే పట్టుకుంది. చర్మం లేచిపోతోంది, భుజం ఊడొస్తోంది, అయినా వదల్లేదు. దుర్గ ఆమె నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. వాన తెరిపిచ్చేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు.

ఉన్నట్టుండి తాడు మాయమైంది. చొక్కా చప్పబడింది.

దుర్గ అక్కడే కూలబడింది. ఎసరు పెట్టమని ఎవరూ అనలేదు. చెయ్యి ఇంకా చొక్కాలోనే ఉంచుకుని ధనలక్ష్మి తలుపు వైపు చూస్తూ నిలబడింది. చూరు నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏందే, పొయ్యి రాజెయ్యలేదా?" అంటూ మాల్యాద్రి గడపలోకి వచ్చాడు.

ఇంజిను ఆగిపోయిందట. లంగరు తాడు బోటు దగ్గర తెగి, లంగరు వైపు ముక్క జారిపోతుంటే ఎడమచెయ్యి ఒక్కటీ చాలలేదట. అంతలో ఎక్కడి నుంచో కుడిచేతికి సత్తువ వచ్చిందట. వాన తెరిపిచ్చేసరికి లంగరుతో సహా బోటును అలలు ఒడ్డుకు ఈడ్చుకొచ్చాయట, అప్పుడే తాడు వదిలి దిగాడట. కళ్ళు మెరిపిస్తూ ఆ చెయ్యి చాపి చూపించాడు. ఒక్క గీత కూడా పడలేదు. అప్పుడు భార్య చెయ్యి చూశాడు. తన చొక్కా చేతిలోంచి బయటికొచ్చిన ఆ అరచెయ్యి తాడు ఒరుసుకుని నెత్తురోడుతోంది.

ఆమె అంతా చెప్పింది, స్లాబు సంగతితో సహా. అతను విన్నాడు, పసుపు తెచ్చి ఆ చేతికి అద్ది గుడ్డ కట్టాడు. సముద్రం సద్దుమణిగేదాకా మాట్లాడలేదు. నాలుగు తన్నినా బాగుండునని ఆమె కుమిలిపోయింది. శివశంకర్ ఇంటికి పోయి పాలసీ అతని చేతిలో పెట్టేసింది. అతను తలెత్తకుండానే తీసుకుని, తన తప్పు తానే ఆఫీసులో చెప్పుకుంటానన్నాడు.

బోట్లు మళ్ళీ కదిలిన రోజు మాల్యాద్రి ఎప్పటిలాగే చొక్కా విప్పాడు. మేకు వైపు పోలేదు. ధనలక్ష్మి దగ్గరికొచ్చి దాన్ని ఆమె భుజాల మీద వేశాడు.

"ఇంక నువ్వే ఏసుకో."

"వీధిలో ఎట్టా తిరిగేది మామా? అందరికీ తెలుసు గదా."

"తెలియనీ."

"ఎన్నాళ్ళు?"

"నేను వచ్చేదాకా" అన్నాడు. వాకిలి దాటబోతూ వెనక్కి వచ్చి, తన కుడిచేత్తోనే పై గుండీ పెట్టి పోయాడు.

కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూశారు, చీర మీద మగవాడి చొక్కా చూశారు, బిందెలు కాస్త జరిపి చోటిచ్చారు. ధనలక్ష్మి తల వంచుకునే నీళ్ళు పట్టుకుంది. సగం దారిలో చొక్కా నిండింది. వెచ్చగా ఆమె పక్కటెముకలను ఆనుకుని ఊపిరి తీయడం మొదలుపెట్టింది. దూరంగా అతను వల లాగుతున్నట్టున్నాడు, ఊపిరి ఎగిసింది. ఆమె బిందె కింద పెట్టి, అది నిమ్మళించేదాకా నడివీధిలో నిలబడింది.