ఇస్త్రీ పెట్టె గుర్తుకు పడిన ఓట్లు

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. బొగ్గులు పోస్తే తప్ప నాలో వేడి ఉండదు, ఎవరైనా పట్టుకుంటే తప్ప కదలను. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఎన్నికల్లో ఊరేగించారు. అదంతా మొదలైన రోజు ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెప్తాను. ఆ పూట అనుకున్న మాటలను తర్వాత తలా ఒక రకంగా చెప్పుకున్నారు కాబట్టి, ఉన్నవాళ్ళెవరో తెలియాలి.

మంచం మీద లచ్చవ్వ ఉంది. ఎనభై దాటిన ముసలమ్మ, నన్ను కొన్నది ఆమే. గోడకు ఆనుకుని ఆమె కొడుకు సత్తయ్య మోకాళ్ళకు నూనె రుద్దుకుంటున్నాడు. పొయ్యి దగ్గర సత్తయ్య భార్య బాలమణి. ఇరవై రెండేళ్ళుగా నన్ను పట్టుకున్న చెయ్యి ఆమెదే. గడపలో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్నది పక్కింటి షహనాజ్ బీ. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో గంగారాం కూర్చున్నాడు. అతను మా నారాయణబాగ్‌లో ఇస్త్రీ పని చేసేవాళ్ళ సంఘానికి పెద్ద. నేను మంచం కింద చల్లారిపోయి ఉన్నాను.

"అక్కా, ఈసారి మన వార్డు ఆడోళ్ళకొచ్చింది. కార్పొరేటర్‌గ నువ్వు నిలవడాలె" అన్నాడు గంగారాం.

బాలమణి నవ్వింది. "పొద్దుగాల్నుంచి బండి కాడ నిలవడే ఉంటగదరా. ఇంకెంత నిలవడమంటవ్?"

"అరె, నిలవడు బాలమణీ" అంది షహనాజ్ బీ. "గెలిస్తే మా ఇంటి ముంగట కంపు గొట్టే మోరీ మీద బండ ఏయించు."

"గెలవనియ్యి. బండ కాదు, నీకు బంగ్లనే కట్టిస్త."

లచ్చవ్వకు చెవులు సరిగా వినపడవు. "ఏం గెలిచిందే? లాటరీనా?" అంది. అందరూ నవ్వారు. గంగారాం మాత్రం నవ్వలేదు. "బండి పోతదక్కా, నవ్వకు" అన్నాడు. ఆ మాటతో అందరి నవ్వూ ఆగిపోయింది.

బాలమణి బండి పార్కు గోడ పక్కన ఉంటుంది. నాలుగు చక్రాల చెక్క బండి, పైన రేకు. సత్తయ్య మోకాళ్ళు పనికిరాకుండా పోయాక ఆ ఇల్లు ఆ బండి మీదే బతుకుతోంది. అంతకు వారం ముందు మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి, ఫుట్‌పాత్ బాగుచేస్తామని, బండి కింద ఉన్న రాళ్ళ మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి పోయారు. అక్కడి నుంచి తీస్తే ఇంకెక్కడ పెట్టుకోవాలో వాళ్ళు చెప్పలేదు. కొత్త కార్పొరేటర్ వచ్చాకే తీస్తారట. వచ్చేది ఎవరన్నదే ఇప్పుడు బాలమణి బతుకు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నన్ను సికింద్రాబాద్‌లో ఒక ఇరుకు సందులో పోతపోశారు. పగిలిన బిందెలు, అరిగిన కుళాయిలు, ఎవరిదో ఒక దీపపు కుందె, అన్నీ కరిగితే నేనయ్యాను. నా మూతకు గొళ్ళెంగా చిన్న కోడిపుంజును పెట్టారు. అది నా ఒంటి మీద ఉన్న ఒకే ఒక్క షోకు. లచ్చవ్వ నన్ను నెత్తిన పెట్టుకుని నడిచి ఇంటికి తెచ్చింది. నా కింద ఎందరి బట్టలు మడతలు విప్పుకున్నాయో చెప్పలేను. జడ్జి గారి నల్లకోటు, పెళ్ళికొడుకుల షేర్వాణీలు, బడిపంతుళ్ళ ధోవతులు. మనుషులు బట్టల మీద ముడతలకు సిగ్గుపడినంతగా ఇంక దేనికీ సిగ్గుపడరని నాకు అనిపిస్తుంది.

గంగారాం పెళ్ళయిన కొత్తలో భార్యను వెంటబెట్టుకుని ఊరి నుంచి వచ్చాడు. పని రాదు. బాలమణి నా పిడి అతని చేతికిచ్చి నేర్పింది. మొదటి రోజే ఒక లాయరు గారి చొక్కా కాల్చాడు. ఆమె వెళ్ళి తానే కాల్చానని చెప్పి తిట్లు తింది. మా పనిలో ఎవరి ఇళ్ళు వాళ్ళవి. ఒకరి ఇంటి బట్టలు ఇంకొకరు ముట్టరు, ఎంత కరువొచ్చినా ముట్టరు. బాలమణి తన ఇళ్ళలో ఆరు ఇళ్ళు తీసి గంగారాంకు ఇచ్చింది. పొలం రాసిచ్చినట్టు అనుకోండి. అప్పటి నుంచి అతను ఆమెను అక్కా అంటాడు.

అందుకే ఆమె ఒప్పుకుంది.

ఆ వార్డులో పోటీ నిజానికి ఇద్దరి మధ్యే. ఒకరు హేమలత. ఆమెను చూసినవాళ్ళు తక్కువ. పోస్టర్ మీద ఆమె బొమ్మ అరచేయంత ఉంటే, ఆమె భర్త దామోదర్ బొమ్మ తలుపంత ఉండేది. ఇంకొకరు సరళ టీచర్, రిటైరయిన లెక్కల టీచరు. గంగారాం తిరిగి తిరిగి బాలమణి చేత నామినేషన్ వేయించాడు. గుర్తుల జాబితాలో ఇస్త్రీ పెట్టె ఉంటే దాన్నే అడిగించాడు. ఖర్చు గురించి బాలమణి అడిగితే "సంఘం జూస్కుంటది" అన్నాడు. మా సంఘానికి ఒక రేకుల షెడ్డు కూడా లేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ పదిహేను రోజులూ నేను గర్వపడ్డాను, దాచుకోను. నాకు కుంకుమ పెట్టారు. బంతిపూల దండ వేశారు. గంగారాం నన్ను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ముందు నడిచేవాడు. ఇన్నేళ్ళూ జనం చొక్కాను చూశారు గాని నన్ను చూడలేదు. ఇప్పుడు పిల్లలు నా కోడిపుంజును ముట్టుకుని చూస్తున్నారు. బట్టల మూట గేటు దగ్గర పెట్టి పొమ్మనే ఇళ్ళలో బాలమణికి కుర్చీ వేశారు. ఆమె కుర్చీ అంచున కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, "మీ సారు నీలం ప్యాంటు మోకాలి కాడ పలచవడ్డదమ్మా, జర జూస్కోండ్రి" అని చెప్పి వచ్చేది. అదే ఆమె ప్రచారం.

ఒకరోజు సరళ టీచర్ బండి దగ్గరికి వచ్చింది. చేతిలో గొడుగు, చెప్పులకు దుమ్ము.

"బాలమణీ, నీ బండి తీయనివ్వనని నేను ముందే చెప్పాను కదమ్మా. మీ నాలుగు బస్తీలూ నాకే వేస్తామన్నాయి. నువ్వు నిలబడితే చీలేది నా ఓట్లే. దామోదర్‌వి ఒక్కటి కూడా కదలవు."

"గెలిచినంక మీరు మర్చిపోతే, టీచరమ్మా?"

"మర్చిపోతే నా చీరలు ఇస్త్రీ చేయకు. ముడతల చీరతోనే మీటింగుకు పోతాను."

బాలమణి నవ్వలేదు. చీర కొంగుతో నా పిడి తుడిచింది, తుడవాల్సిన మురికి ఏమీ లేకపోయినా. టీచర్ వెళ్ళాక గంగారాంను పిలిపించి ఆ మాటే అడిగింది.

"పేర్లు వాపస్ తీస్కునే తారీఖు అయిపాయెనక్కా" అన్నాడు అతను.

"పేరుంటే ఉండనియ్యి. టీచరమ్మకే ఎయ్యమని మనోళ్ళకు చెప్తే అయిపాయె. నిజం జెప్పు గంగారాం, మనం గెలుస్తమా?"

మా పనివాళ్ళలో పెట్టె మీద ఒట్టు అంటే పెద్ద ఒట్టు. కాగుతున్న పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించి చెప్పిన మాటను ఎవరూ అనుమానించరు. గంగారాం నా మీద చెయ్యి పెట్టాడు. "గెలుస్తం. మన మనిషి గెలిస్తేనే మన బండి నిలుస్తది. పెట్టె మీద ఒట్టు" అన్నాడు. అప్పటికి పని అయిపోయి గంట దాటింది. నేను చల్లగా ఉన్నాను. బాలమణికి ఆ సంగతి తట్టలేదు. తట్టినా అనేది కాదేమో.

మర్నాడు దామోదర్ ఇంటి మూట వచ్చింది. అవును, వాళ్ళ ఇల్లు కూడా బాలమణి ఇళ్ళలోదే. ఎన్నికలు వచ్చినా చొక్కాలు నలగడం ఆగదు కదా. గంజి పెట్టిన తెల్ల చొక్కాలు ఎనిమిది. ఒకదాని జేబులో మడిచిన కాగితం ఒకటి ఉంది. జేబులో దొరికినదాన్ని విప్పి చూడకూడదన్నది మా పనిలో నియమం. ఉత్తరమైనా సరే, మందుల చీటీ అయినా సరే, దొరికింది దొరికినట్టే చొక్కాతో పాటు ఇచ్చేయాలి. బాలమణి కాగితాన్ని బల్ల చివర పెట్టి, గాలికి పోకుండా నన్ను దాని అంచు మీద నిలబెట్టి, నీళ్ళు పట్టుకు రావడానికి వెళ్ళింది.

గాలి ఒక మడత విప్పింది.

నాకు చదువు రాదు. కానీ నా బొమ్మ నాకు తెలియదా? నా కోడిపుంజు, నా పిడి, పక్కన స్టూడియోలో బిగుసుకుపోయి దిగిన బాలమణి ఫోటో. మూడు రోజుల కిందట గంగారాం తన ఫోన్‌లో తీసుకెళ్ళిన బొమ్మ అది. బాలమణి ప్రచార కాగితం. "ప్రెస్సుల ఉన్నదక్కా, ఎల్లుండి చేతికొస్తది" అని ఆ పొద్దునే ఆమెతో అన్నాడు. ఆమె చేతికే ఇంకా రాని కాగితం దామోదర్ జేబులో ఉంది. మీద నీలం పెన్నుతో ఎవరో టిక్కు కూడా పెట్టారు.

బాలమణి నీళ్ళు తెచ్చింది. నన్ను ఎత్తింది. విచ్చుకున్న కాగితం వైపు చూడకుండా, మొహం పక్కకు తిప్పుకుని మళ్ళీ మడిచింది. చొక్కా ఇస్త్రీ అయ్యాక జేబులో పెట్టి, జారిపోకుండా పైన వేళ్ళతో తట్టింది కూడా. అంత నిజాయితీగల మనిషిని మోసం చేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆమె నిజాయితీ ఒక్కటి తెలిస్తే చాలు. అది గంగారాంకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ నియమం అతనికి నేర్పింది కూడా ఆమే.

ఓట్లు లెక్కపెట్టిన రోజు ఆమె బండి దగ్గరే ఉంది. షహనాజ్ బీ ఎవరి ఫోన్‌లోనో చూసుకుని పరుగున వచ్చింది. హేమలతకు ఐదు వేల ఎనిమిది వందల పదహారు. సరళ టీచర్‌కు ఐదు వేల ఐదు వందల రెండు. బాలమణికి తొమ్మిది వందల ముప్పై ఏడు.

"తొమ్మిది వందల మందా!" బాలమణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాకా? అంతమంది నాకేసిండ్రా?" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణం ఆమె నిజంగా సంతోషపడింది. నేను చూశాను.

"పాగల్ దానా" అంది షహనాజ్ బీ, మెల్లగా. "టీచరమ్మ ఎంతల ఓడిందో లెక్క జూసినవా? మూడు వందల పద్నాలుగు. నీ కాగితాలు మన నాలుగు బస్తీల్ల తప్ప ఇంకేడన్న పంచిండ్రా? దామోదర్ ఓట్లున్న కాలనీల ఒక్కటన్న పడ్డదా?"

"అట్లెందుకైతదే? గంగారాం పెట్టె మీద ఒట్టేసిండు."

షహనాజ్ బీ రోడ్డు వైపు చూపించింది. డప్పులతో జీపు వస్తోంది. దామోదర్ మెడ నిండా దండలు. హేమలత జీపులో లేదు, అయినా గెలిచింది ఆమే అంటున్నారు. వెనక నిలబడి గుప్పిళ్ళతో గులాల్ చల్లుతున్నది గంగారాం. జీపు పార్కు గోడ దగ్గర మలుపు తిరిగింది. అతను ఇటు చూడలేదు. గులాల్ కొంచెం మా బల్ల మీద, ఉతికిన దుప్పటి మీద పడింది. బాలమణి దాన్ని దులుపుతూ చాలాసేపు నిలబడింది. దులిపినకొద్దీ మరక పెద్దదయింది.

అయినా ఆమె నమ్మలేదు. నమ్మకపోవడానికి సాకులు వెతుక్కుంది. "గెలిచినోళ్ళ కాడ ఉంటేనే గద పని చేపిచ్చుకునేది. బండి కోసమే పోయిండేమో" అని సత్తయ్యతో అంది. సత్తయ్య మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

కొత్త కార్పొరేటర్ ప్రమాణం చేసిన తొమ్మిదో రోజు పొద్దున లారీ వచ్చింది. నలుగురు దిగారు. బాలమణి అప్పుడే నాలో నిప్పులు పోసింది. "ఒక్కసారి గంగారాంకు ఫోన్ జెయ్యనియ్యండ్రి సారూ" అని బతిమాలింది. చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ఈసారి మోగకుండానే ఆగింది. వాళ్ళు బల్ల ఎత్తారు, చక్రాలు ఎత్తారు, రేకు ఎత్తారు. బట్టల మూటలు గోడ పక్కన పడేశారు. నన్ను మాత్రం ఆమె వదల్లేదు. నేను కాగుతున్నానని వాళ్ళూ ముట్టుకోలేదు.

షహనాజ్ బీని మూటల దగ్గర కూర్చోబెట్టి, బాలమణి నన్ను పట్టుకుని నడిచింది. ఎటు పోతోందో నాకు అర్థమైంది. ఏడు కిలోల బరువు, లోపల నిప్పులు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ, ఎండలో, దామోదర్ ఇంటి దాకా వచ్చింది. గోడకు కొత్త బోర్డు మెరుస్తోంది. దాని మీద హేమలత పేరు ఉందట. దారిలో ఎవరో చదువుతుంటే విన్నాను.

మెట్ల మీద నన్ను దించకుండానే తలుపు కొట్టింది. తీసింది గంగారాం.

తెల్ల చొక్కా వేసుకున్నాడు. అతని భుజం పక్క నుంచి హాలు కనిపించింది. సోఫాలో దామోదర్, చుట్టూ ఐదారుగురు మగవాళ్ళు. హేమలత టీ కప్పులు అందిస్తోంది. ఒకాయన ఆమె ముందు కాగితాలు పెట్టి వేలితో చోటు చూపిస్తే, పళ్ళెం పక్కన పెట్టి, చదవకుండా సంతకం చేసి, మళ్ళీ పళ్ళెం అందుకుంది.

"బండి తీస్కపోయిండ్రు గంగారాం" అంది బాలమణి. ఆమె గొంతులో ఇంకా కోపం లేదు. తమ్ముడికి చెప్పుకుంటున్నట్టే ఉంది. "ఇప్పుడే తీస్కపోయిండ్రు. నువ్వొక్క మాట జెప్తే ఇడుస్తరు. జెప్పురా. నా బండి ఏడ వెట్టుకోవాలె?"

గంగారాం ఆమెను చూశాడు. నన్ను చూశాడు. పెదవులు కదిలాయి. అక్కా అంటాడనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆమె ఎదురుపడితే అతని నోట మొదట వచ్చే మాట అదే.

లోపలి నుంచి దామోదర్ గొంతు వినిపించింది. "ఎవరు గంగారాం?"

అతను ఆమె మీద నుంచి చూపు తీయలేదు.

"ఎవరో ఇస్త్రీ ఆమె, సార్" అన్నాడు. తలుపు వేశాడు.