పన్నెండో కథలో చావని నాన్న

"ఎంతమందిని చంపావురా?" అని అరుస్తున్నాడు నాన్న. అచ్చు మిషను చప్పుడు నా చెవుల్లో కాపురం పెట్టేసింది. "పదకొండు మందిని నాన్నా!" అని నేనూ అరిచి నేరం ఒప్పేసుకుంటున్నాను.

ఆయన చెయ్యాపి నావైపు తిరుగుతున్నాడు. "కథలు ఎన్నింటిని పంపావురా అనడిగాను. చంపావా అనలేదే! అడక్కుండానే లెక్క ఒప్పజెప్పావంటే ఏదో ఉంది."

పోయి తొమ్మిదేళ్ళయినా మా నాన్న గోవర్ధనం తెనాలి ప్రెస్సులో అదే బల్ల ముందు నిలబడి సీసం అక్షరాలు ఏరి పేరుస్తున్నాడు, బల్ల మాత్రం రైలుపెట్టెలా మెల్లగా కదులుతోంది, కిటికీలోంచి మా వీధీ, వీధి వెనక నేను పిల్లల కథల్లో రాసిన అడవులూ వరసగా వెనక్కి పోతున్నాయి. నాకూ అనుమానమే. మా నాన్న వేళ్ళకి సబ్బుకి లొంగని మసి ఉండేది. ఈయన చేతులు పెళ్ళిచూపులకొచ్చిన వాడి చేతుల్లా ఉన్నాయి.

"నువ్వు నిజంగా నాన్నవేనా?"

"నీ కథల్లో కాదులే. అక్కడ మొదటి వాక్యంలోనే నాకు పాడె కడతావు. ఓసారి పాము కరిచింది, ఓసారి పడవ మునిగింది, ఓసారి కారణం కూడా దండగనుకున్నావు, 'కుర్రాడి తండ్రి చచ్చిపోయాడు' అని వదిలేశావు. నీ కథలేసే పిల్లల పత్రిక అచ్చయ్యేది మా ప్రెస్సులోనే గదా? నా చావు నేనే అక్షరం అక్షరం ఏరి పేర్చుకున్నానురా భావన్నా!"

"అది నీ చావు కాదు నాన్నా, కథకి దారి. తండ్రంటూ ఉంటే కుర్రాడు అడవికెళ్తానన్నప్పుడు 'చెప్పులేసుకో, చీకటి పడేలోగా వచ్చెయ్' అంటాడు. ఇక రాక్షసుడు గుమ్మం దాకా వచ్చి, వాళ్ళ నాన్న ఇంట్లో ఉన్నాడట అని వెనక్కి పోతాడు. అనాథైతేనే సాహసం. లేకపోతే వట్టి సాయంకాలం షికారు!"

ఆయన నవ్వడం లేదు. "నువ్వు కథలు రాస్తానని బయల్దేరినప్పుడు నేను బతికే ఉన్నానుగా? అడ్డం పడ్డానా?"

ఆ ప్రశ్నకి రైలు ఆగిపోతోంది, మేమిద్దరం ఎప్పుడు దిగామో గాని ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నాం. ఇక్కడే ఆయన చివరిసారి, "ఈ నెల కథలో నేనున్నానా?" అనడిగితే నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ నవ్వుని ఎలా అర్థం చేసుకుని పోయాడో ఈ తొమ్మిదేళ్ళుగా నాకు తెలియదు.

నేను మాట మారుస్తున్నాను. "అది సరే, పన్నెండో కథలో 'తండ్రి చచ్చిపోయాడు' అని రాస్తే 'తండ్రి ఊరెళ్ళాడు' అని అచ్చయింది. ఎప్పుడొస్తాడని పిల్లలు ఉత్తరాల మీద ఉత్తరాలు! పాపం ప్రూఫులు దిద్దే పానకాలుని నోటికొచ్చినట్టు తిట్టాను. నీ పనేనా?"

"చ వత్తు అయిపోయిందిరా. పదకొండు చావులకి అరిగిపోదూ?"

"అదే పేజీలో 'పచ్చని అడవి' ఉంది. 'పిచ్చుక' ఉంది. అడవికీ పిచ్చుకకీ ఉన్న వత్తు నీకే లేకపోయిందా?"

దొరికిపోయినవాడిలా నాన్న తల దించుకుంటున్నాడు. "మర్నాడు ఆస్పత్రిలో చేరాలి. ఆ మాట దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదురా."

"నువ్వు పోవాలని నేను కోరుకున్నాననుకున్నావా నాన్నా?"

"ఒకటి రెండుసార్లు అనుకున్నాను. అబద్ధమెందుకు?" వరండా చివర వెలుతురులో ఆయన పల్చబడుతున్నాడు. "పూర్తిగా నమ్మితే కథలో ఆ తండ్రిని ఊరికెందుకు పంపిస్తాను? ఊరెళ్ళినవాడు మళ్ళీ రావచ్చుగదా అని!"

"నాన్నా!" అంటూ లేచేసరికి మధ్యాహ్నం మూడు. మంచం చుట్టూ మా ఆవిడ హైమ, కూతురు లహరి, పైవాటా సుందరంగారు.

"పదకొండు మందిని చంపానని ఒకటే అరుపులు! ఎవర్నండీ?" అంది హైమ, గుండెల మీద చెయ్యి తీయకుండా.

నాన్న అడిగింది 'పంపావు' అనీ, నాకు వినపడింది 'చంపావు' అనీ, చచ్చినవాళ్ళందరూ కాగితం తండ్రులేననీ అందరికీ విడమర్చి చెప్పాను. హైమ ఊపిరి పీల్చుకుంది. సుందరంగారు "అంతేనా?" అని నన్నోసారి ఎగాదిగా చూసి మెట్లెక్కారు.

లహరి మాత్రం అక్కడే ఉంది. నా కథలు కంప్యూటర్లో కొట్టిపెట్టేది అదే. పొద్దున నేనిచ్చిన కొత్త కథ కొట్టి, ఆ కాగితం నా చేతిలో పెట్టింది. మొదటి వాక్యంలో 'కుర్రాడి తండ్రి' తర్వాత నేను రాసిన మాట లేదు, ఖాళీ.

"ఆ ఒక్క మాటా నువ్వే కొట్టుకో నాన్నా," అంది. "నావల్ల కాదు."