బీరువాలో ప్రాంప్టరమ్మ

ముసలి నటుడికి చెవులు మందం, మతిమరుపు ఎక్కువ. ప్రాంప్టరమ్మ ఆయన పక్కనే, ఫ్రేముకి అవతల నిలబడి డైలాగులు అందించేది. కెమెరాకి వెడల్పు తెర లెన్సు వచ్చాక ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గదంతా కనిపించసాగింది. ఆవిడకు నిలబడే చోటే లేకుండా పోయింది. దర్శకుడు ఆవిడను సెట్లో ఆయన వీపు వెనకే ఉన్న చెక్క బీరువాలో నిలబెట్టి తలుపు వేయించాడు.

ఏడో టేకుకి లైట్ల వేడితో లోపల ఊపిరి ఆడలేదు. నెట్టి చూస్తే తలుపు తెరుచుకోలేదు. బయట గడియ పడిపోయింది. తడితే టేకు పాడవుతుందని ఓర్చుకుని మాట అందిస్తూనే ఉంది. చివరికి గొంతు పెగల్లేదు.

ముసలాయన మధ్యలో ఆగిపోయాడు.

“డైలాగ్ చెప్పండి బాబాయ్!” అని దర్శకుడు అరిచాడు.

ఆయన వినిపించుకోకుండా వెళ్ళి గడియ తీశాడు. చెమటతో ముద్దయిన ఆవిడ ఆయన భుజం మీద వాలిపోయింది.

“ఒక్కసారి తలుపు కొట్టకూడదా తల్లీ?”

“బాగా చెప్తున్నారు కదా, చెడగొట్టడమెందుకని...”

మధ్యాహ్నం వడ్రంగి బీరువా వెనక నాలుగు కన్నాలు పెట్టాడు. ఆవిడ కాసిని నీళ్ళు తాగి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది.